తాతగారి ఇత్తడి కుంచం

అనగా అనగా, సముద్రం ఇప్పటికన్నా ఇంకాస్త ఉప్పగా ఉండే రోజుల్లో, లవణపురి అని ఒక చిన్న రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో పొలాలు లేవు, తోటలు లేవు. ఉన్నదల్లా ఇసుక, ఎండ, సముద్రం. జనం ఒడ్డున మడులు కట్టేవారు. సముద్రపు నీటిని వాటిలోకి మళ్ళించి ఎండబెట్టేవారు. నీరు ఆరిపోయాక తెల్లటి ఉప్పు మిగిలేది. దాన్ని పొడుగు కర్రలకు బిగించిన చెక్క పలకలతో మెల్లగా లాగి, కుప్పలు పోసి, వానలు రాకముందే తాటాకులు కప్పేవారు.

ఏడాదికొకసారి తూర్పు దీవుల నుంచి ఓడలు వచ్చేవి. ఉప్పు ఎక్కించుకుని, బదులుగా బియ్యం దించి వెళ్ళేవి. ఆ బియ్యంతోనే రాజుగారి కొట్లు నిండేవి. వానాకాలంలో దారులు మునిగి సంతలు ఆగిపోతే ఊరందరికీ ఆ కొట్లే దిక్కు. అందుకని ఉప్పు తడిసిందంటే ఊరు పస్తు పడుకోవాల్సిందే. ఈ మాట గుర్తుపెట్టుకోండి పిల్లలూ, మళ్ళీ అవసరం వస్తుంది.

మడుల్లో పనిచేసేవాళ్ళకు కూలి కూడా ఉప్పే. రాజుగారి తాత ఒక ఇత్తడి కుంచం చేయించి, "పొద్దంతా పనిచేసినవారికి సాయంత్రం ఈ కుంచం నిండా ఉప్పు ఇవ్వవలెను" అని శాసనం వేయించాడు. కుంచం అంటే మీకు తెలియదు కదూ. నాలుగైదు చెంబుల నీళ్ళు పట్టేంత కొలపాత్ర. ఆ కుంచెడు ఉప్పును కూలివాళ్ళు సంతకు పట్టుకెళ్ళి, పై ఊళ్ళ నుంచి బండ్ల మీద వచ్చే వర్తకులకిచ్చి బియ్యం తెచ్చుకునేవారు.

మనవడు కుముదసేన మహారాజుకు ఆ కుంచం అంటే ప్రాణం. ప్రతి ఉగాదికీ దాన్ని చింతపండుతో తోమించి, బొట్టు పెట్టి, పల్లకీలో ఊరేగించేవాడు. పల్లకీ మోసేది ఉప్పుమడుల కూలివాళ్ళే. ఆ మోతకు వేరే కూలి ఉండేది కాదు, చూడండి మరి.

"మా తాత ఇచ్చింది కుంచెడు. మా తండ్రి ఇచ్చింది కుంచెడు. నేనిచ్చేదీ కుంచెడే. గింజ తగ్గలేదు" అని రాజు సభలో చెప్పుకునేవాడు. సభికులంతా తలలూపేవారు.

ఒకనాడు సభలోకి మరిడమ్మ వచ్చింది. ఉప్పుమడుల్లో పనిచేసే ఆడవాళ్ళందరికీ పెద్ద ఆమె. అరికాళ్ళు ఉప్పుకు పగిలి, చేతులు ఎండకు నల్లబడి ఉన్నాయి. వంగి దండం పెట్టి, సూటిగా చెప్పింది.

"మారాజా, మాకు కూలి చాలటం లేదు. రెండు కుంచాలు ఇప్పించండి."

విసనకర్రలు విసిరేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. మంత్రి నీలగ్రీవుడు నోట్లో వేసుకోబోయిన తమలపాకు జారి ఒళ్ళో పడింది. ఆ సభలో అంతవరకూ తాతగారి కుంచాన్ని పొగిడినవాళ్ళే గానీ, చాలదని అన్నవాళ్ళు లేరు.

రాజు నిర్ఘాంతపోయాడు. "నేను నీ కూలి తగ్గించానా?" అన్నాడు.

"తమరు తగ్గించలేదు బాబూ. అదే తగ్గిపోయింది."

"కుంచం తగ్గిపోతుందా?"

రాజు అప్పటికప్పుడు కంసాలిని పిలిపించాడు. కంసాలి కుంచాన్ని తిప్పి చూశాడు, కొట్టి చూశాడు, నీళ్ళు పోసి కొలిచాడు. సొట్ట లేదు, చిల్లు లేదు, అడుగున మైనం అంటించలేదు. తాతగారి నాడు ఎంత పట్టేదో ఇప్పుడూ అంతే.

"విన్నావా?" అన్నాడు మంత్రి.

"విన్నాను బాబూ. కుంచం బాగానే ఉంది. దాంతో ఏం వస్తుందో ఒక్కసారి సంతకు వెళ్ళి చూడండి" అంది మరిడమ్మ.

రాజు మొండివాడే గానీ అన్యాయస్థుడు కాడు. మారువేషం వేసుకున్నాడు. మరిడమ్మకు ఆ రోజు రావలసిన కుంచెడు ఉప్పును సంచిలో పోయించి, మడుల దగ్గర మోతలు మోసే గాడిద మీద వేసుకుని సంతకు బయలుదేరాడు. ఆ గాడిద బూడిద రంగులో ఉండేది. అందుకని దాన్ని బూడిదగాడు అనేవారు. ఆ కాలంలో గాడిదలకు మాటలు వచ్చు. వినేవాళ్ళే తక్కువ.

సంతలో అడుగు పెట్టగానే రాజు తెల్లబోయాడు. ఎటు చూసినా ఉప్పే. బస్తాల్లో ఉప్పు, బుట్టల్లో ఉప్పు, నేల మీద పరిచిన చాపల్లో ఉప్పు. బియ్యం బండి మాత్రం ఒక్కటే ఉంది. దాని చుట్టూ జనం మూగి ఉన్నారు.

రాజు తోసుకుంటూ వెళ్ళి సంచి దించాడు. వర్తకుడు సంచిలోకి చూసి, ఒక చిన్న సోలతో బియ్యం కొలిచి పైపంచె కొంగులో పోయబోయాడు.

"ఇదేమిటి? కుంచెడు ఉప్పుకు సోలెడు బియ్యమా?" అన్నాడు రాజు.

"ఏ ఊరు బావా నీది?" అన్నాడు వర్తకుడు. "మీ రాజుగారు ఏటికేడు కొత్త మడులు తవ్విస్తున్నాడు. ఉప్పు ఎవడిక్కావాలి? మా పై ఊళ్ళలో చూస్తే చేలకు పురుగు పట్టి సగం పంట పోయింది. ఆ సోలెడైనా నిన్ను చూసి జాలేసి పోస్తున్నాను. తీసుకుంటే తీసుకో, లేకపోతే జరుగు. వెనక జనం ఉన్నారు."

రాజు ఆ కొత్త మడులు తవ్వించినందుకు కిందటి ఏడే తనకు తాను ఒక బిరుదు ఇచ్చుకున్నాడు పాపం.

తిరుగు దారిలో బూడిదగాడు నోరు విప్పాడు. "మహారాజా, సంతకు వెళ్ళేటప్పుడు నా వీపు మీద బరువు ఎప్పుడూ ఒకటే. వచ్చేటప్పుడే తేడా. మీ తాతగారి కాలంలో ఇదే కుంచెడు ఉప్పుకు రెండు మానికల బియ్యం వచ్చేదని మా అమ్మ చెప్పేది. మానికలో నాలుగో వంతు సోల. మీ నాన్నగారి కాలానికి మానికెడు అయింది. ఇప్పుడు వచ్చేటప్పుడు నా వీపు మీద ఏమైనా ఉందో లేదో తెలియక వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడు నాతో సంతకు వచ్చారు?" అంది గాడిద.

రాజు ఎప్పుడూ బియ్యం కొనలేదు మరి. కోటలో తినేది ఓడల బియ్యం.

ఆ సోలెడు బియ్యం తీసుకుని రాజు మరిడమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె వేషంలోనూ ఆయన్ని గుర్తుపట్టింది. చాప వేసి కూర్చోబెట్టి, ఆ బియ్యమే వండి, ఉప్పుచేప ముక్క ఒకటి కాల్చి ముందుగా రాజుకే వడ్డించింది. ఇంటికి వచ్చినవారికి ముందు పెట్టడం వాళ్ళ ఆచారం. రాజు ఎండలో తిరిగి ఆకలి మీద ఉన్నాడు. వడ్డించిందంతా తినేశాడు. చెయ్యి కడుక్కుని చూసేసరికి మరిడమ్మ మనవలు కుండలోకి తొంగిచూస్తున్నారు. చిన్నది వేలు పెట్టి కుండ అంచున అంటిన మెతుకు తీసుకుని నోట్లో పెట్టుకుంది. కుండలో ఇంకేమీ లేదు.

ఒక ఇంటి మొత్తానికి వచ్చిన అన్నం ఒక్క మనిషి తినేశాడు, ఆ ఒక్క మనిషికీ అది చాలీచాలనట్టే ఉంది. రాజుకు సిగ్గుతో ముఖం కాలిపోయింది. తలవంచుకుని బయటికి నడిచాడు.

ఇంత చూశాక మరునాడు కూలి పెంచేశాడనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకున్నాను. పెంచలేదు.

మంత్రి నీలగ్రీవుడు అడ్డుపడ్డాడు. "ప్రభూ, అది తాతగారి శాసనం. ఇవాళ కుంచం మారిస్తే రేపు కిరీటం మార్చమంటారు. సంతలో ధరలు వస్తాయి, పోతాయి. మనం కదిలితే పరువు పోతుంది. వాళ్ళకు మాత్రం ఈ మడులు వదిలి వెళ్ళేచోటు ఎక్కడుంది?"

తాతగారి పేరు వినగానే రాజు మెత్తబడ్డాడు. "కొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు. పిల్లల కుండను కళ్ళారా చూసి వచ్చిన మనిషి ఆ మాట ఎలా అనగలిగాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ కబురు మడులకు చేరింది. మరిడమ్మ పలక గోడకు ఆనించి, కొంగు దులుపుకుని ఇంటికి వెళ్ళింది.

కొద్ది రోజులకు రాజు కోట మేడ మీదకు ఎక్కి మడుల వైపు చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు. మడుల నిండా ఉప్పు తెల్లగా మెరుస్తోంది. లాగేవాళ్ళు లేరు. కుప్పలు పోసేవాళ్ళు లేరు. తాటాకులు కోసేవాళ్ళు లేరు. కొంగలు మాత్రం గట్ల మీద తాపీగా నడుస్తున్నాయి.

పక్క రాజ్యంలో పెద్ద కాలువ తవ్విస్తున్నారట. వాళ్ళకు మనుషులు చాలడం లేదట. రెండు పూటలా అన్నం పెట్టి, పైగా సాయంత్రం సోలెడు బియ్యం కొలిచి ఇస్తున్నారట. లవణపురి కూలివాళ్ళంతా పిల్లాపాపలతో అక్కడికి వెళ్ళిపోయారు.

"పోతే పోనివ్వండి. చాటింపు వేయిస్తాను. కుంచెడు ఉప్పుకు పరిగెత్తుకొచ్చేవాళ్ళు బోలెడుమంది" అన్నాడు మంత్రి.

చాటింపు వేసేవాణ్ణి పంపారు. ఒక్కడూ రాలేదు. సరికదా, చాటింపు వేయడానికి వెళ్ళినవాడు కూడా తిరిగి రాలేదు. వెతికితే వీధి చివర డప్పు దొరికింది. వాడు దాన్ని అక్కడ పెట్టేసి, తానూ కాలువ పనికి వెళ్ళిపోయాడు.

మంత్రి ఆ డప్పు వైపు చాలాసేపు గుడ్లప్పగించి చూశాడు.

అంతలో తూర్పు దీవుల ఓడలు వచ్చి రేవులో ఆగాయి. ఇక ఆగడానికి లేదు. మంత్రి భటుల్నీ, వంటవాళ్ళనీ, సభలో తలలూపే పెద్దల్నీ పోగుచేశాడు. "ఉప్పు లాగడం కూడా ఒక విద్యేనా? పదండి" అని మడుల్లోకి దింపాడు.

భటులు కిర్రుచెప్పులతో మడుల్లోకి దిగారు. అడుగున ఉన్న మట్టి కెలికినట్టయింది. వంటవాళ్ళు గరిటె తిప్పినట్టు పలక తిప్పారు. తెల్లగా పైన తేలిన ఉప్పు నల్లటి బురదలో కలిసిపోయింది. మంత్రి తానే ఒక పలక పట్టుకుని గట్టిగా లాగబోయి, కాలు జారి మడిలో కూలబడ్డాడు. లేచేసరికి పట్టువస్త్రం వెనక భాగమంతా బురద. సభ పెద్దలు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు.

ఓడల పెద్ద వచ్చి, కుప్ప లోంచి చిటికెడు ఉప్పు తీసి నాలుక మీద వేసుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు.

"మహారాజా, మాకు కావలసింది ఉప్పు. బురద మా దీవుల్లోనూ ఉంది" అన్నాడు. "ముట్టుకోని మడులు ఇంకా సగం ఉన్నాయి. వాటిలోది మీ పాతవాళ్ళ చేత తీయించండి. మొదటి వాన పడేదాకా ఆగుతాను. ఆ తరువాత బియ్యంతోనే వెనక్కి తిరుగుతాను."

రాజు తలెత్తి చూశాడు. సముద్రం మీద మబ్బు పట్టి ఉంది. ఉప్పు కరిగితే ఓడల బియ్యం రాదు. బియ్యం రాకపోతే వానాకాలమంతా ఊళ్ళో పొయ్యి వెలగదు. మరిడమ్మ ఇంట్లో చూసిన ఖాళీ కుండ అప్పుడు ఇంటింటికీ వస్తుంది. కోటకూ వస్తుంది.

రాజు మంత్రి వైపు చూడలేదు. తిన్నగా బూడిదగాడి దగ్గరకు వెళ్ళాడు. "కాలువ దగ్గరకు దారి చూపిస్తావా?" అని అడిగాడు.

"చూపిస్తాను. మాట్లాడేది మాత్రం మీరే. పోయినసారి నేను మాట్లాడాను, ఏమైంది?" అంది గాడిద.

కాలువ గట్టు మీద మరిడమ్మ మనవలకు అన్నం పెడుతోంది. చిన్నదాని బుగ్గ కాస్త నిండింది. నడిచి వస్తున్న రాజును చూసి మరిడమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని లేచి నిలబడింది. ఒక రాజు పల్లకీ లేకుండా, గొడుగు లేకుండా, గాడిద వెంట నడిచి రావడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"అమ్మా, ఇంటికి రండి" అన్నాడు రాజు. "రోజుకు మూడు కుంచాలు ఇస్తాను."

మరిడమ్మ విస్తుపోయింది. "నేనడిగింది రెండే కదా బాబూ. మూడెందుకు?"

"నువ్వడిగినప్పుడు నాకు ఒక్కటే తెలిసేది. ఇప్పుడు మూడు తెలిశాయి. బియ్యం ప్రియమైంది, అందుకొక కుంచం. మీ చేతులు నాకొక్కడికే కాదు, పక్క రాజుకూ కావాలి. మీరు నాకు దక్కాలంటే నేనూ ఆయనకు తగ్గకుండా ఇచ్చుకోవాలి. అందుకొకటి. ఇక మూడోది, మీ చెయ్యి పడితే వచ్చేది తెల్లటి ఉప్పు, మా మంత్రి చెయ్యి పడితే వచ్చింది బురద. ఆ నేర్పుకు ఇన్నాళ్ళూ నేను వెల కట్టనే లేదు."

గట్టు మీద అందరూ చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని వింటున్నారు.

"కాలువ పని ఎటూ ఏదో ఒకనాటికి అయిపోతుంది" అంది మరిడమ్మ నెమ్మదిగా. "మా ఇళ్ళూ అక్కడే ఉన్నాయి. వస్తాం. ఆ మబ్బు ఏపాటిదో చూస్తూనే ఉన్నాను, నాకూ మనసు ఆగడం లేదు."

అందరూ గబగబా బయలుదేరారు. వచ్చీ రాగానే ఆడవాళ్ళు మడుల్లోకి దిగారు. మగవాళ్ళు తాటాకులు కోశారు. పలకలు అడుగు మట్టికి తగలకుండా ఉప్పు మీద తేలినట్టు సాగాయి. రాజు కిరీటం పక్కన పెట్టి తాటాకులు నెత్తిన మోశాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే మంత్రి కూడా ఒక మోపు ఎత్తుకున్నాడు. మొదటి చినుకు పడేసరికి మంచి ఉప్పంతా ఆకుల కింద భద్రంగా ఉంది. బురద ఉప్పు మాత్రం అందరూ చూస్తుండగానే కరిగి సముద్రంలోకి పోయింది. ఓడల పెద్ద సగం బియ్యం దించాడు. అది ఊరికి బొటాబొటీగా సరిపోయింది. మిగతా సగం కరిగిపోయిన ఉప్పుతోనే పోయింది.

ఆ మరునాడు రాజు శిల్పిని పిలిపించాడు. "మూడు కుంచాలు. ఆచంద్రార్కం ఇదే కూలి. రాతి మీద చెక్కు" అన్నాడు.

"వద్దు మారాజా" అంది మరిడమ్మ.

రాజు మళ్ళీ అవాక్కయ్యాడు. ఆ ఏడాది ఆయనకు అదే అలవాటైపోయింది.

"మూడు కుంచాలు వద్దా?"

"మూడు కుంచాలు కావాలి. రాయి వద్దు. రాయి సంతకు వెళ్ళదు కదా బాబూ. రేపు మీ మనవడు ఆ రాయిని పల్లకీలో పెట్టి ఊరేగిస్తాడు. అప్పుడు మా మనవలు ఆయన ముందు నిలబడి, చాలటం లేదు దొరా అని మళ్ళీ అడుక్కోవాలి. ఏటికొకసారి సంతకు వెళ్ళి చూసి, దాన్నిబట్టి ఇవ్వండి."

రాజు శిల్పి చేతిలో ఉలిని తానే తీసి పక్కన పెట్టాడు.

ఉగాది వచ్చింది. ఊరంతా పల్లకీ కోసం వీధుల్లోకి వచ్చింది. పల్లకీ రాలేదు. రాజు బూడిదగాడి తాడు పట్టుకుని నడిచి వచ్చాడు. గాడిద వీపు మీద ఒక రోజు కూలి ఉప్పు ఉంది. పై ఊళ్ళలో ఆ ఏడు పంట బాగుండటంతో బియ్యం బండ్లు మళ్ళీ వచ్చాయి. రాజు సంతకు వెళ్ళి బియ్యం తెచ్చి, మరిడమ్మ ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని వండించాడు. ఈసారి పిల్లలకు ముందు పెట్టమన్నాడు. తరువాత పెద్దలు తిన్నారు. రాజు అందరికన్నా చివర తిన్నాడు. అప్పటికీ కుండలో ఇంకో మనిషికి సరిపడా అన్నం మిగిలింది.

"ఈ ఏడాదికి చాలింది" అంది మరిడమ్మ కుండలోకి చూసి.

"వచ్చే ఏడాదో?"

"మళ్ళీ వండి చూద్దాం మారాజా."

నాటి నుంచి లవణపురిలో ప్రతి ఉగాదికీ రాజు గాడిద వెంట సంతకు వెళ్ళడం, ఆ అన్నం వండి చూసి కూలి నిర్ణయించడం ఆచారమైంది. చాలని ఏడు కూలి పెరిగేది.

ఇక తాతగారి కుంచం ఏమైందంటారా? ఒకనాడు మంత్రి నీలగ్రీవుడు మడుల దగ్గరకు వచ్చి గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాడు. బూడిదగాడు అందులో మూతి పెట్టి తాపీగా కుడితి తాగుతున్నాడు. రాజు పక్కనే నిలబడి ఇంకాస్త పోస్తున్నాడు.

కాబట్టి పిల్లలూ, పనిచేసినవాడి కంచం నిండకపోతే, ఇచ్చేవాడి కుంచం ఎంత నిండుగా ఉన్నా అది నిండు కూలి కాదు.